తెర నల్లబడినప్పుడు

(సభ్య సంఘాల కార్యదర్శులకు, పాల పరీక్షకులకు ఏర్పాటైన శిక్షణ తరగతిలో సమాఖ్య కంప్యూటర్ విభాగం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి కంప్యూటర్లలో కలిగే లోపాలు, వాటి సవరణ అనే విషయంపై మాట్లాడవలసిందిగా మమ్మల్ని కోరారు. అన్ని లోపాలూ చెప్పాలంటే వారం రోజులైనా చాలదు. గావున ఒక్క లోపాన్నే తీసుకుంటాము. పాల సేకరణ కేంద్రంలో తూకానికి, వెన్న శాతానికి ఉన్న యంత్రం చెడితే దానికి మెకానిక్ ఉన్నాడు, ఫోను చేస్తే వస్తాడు. కాని మీలో చాలామంది పదిహేను రోజుల బిల్లును సరిచూచుకునేది, పాలకవర్గ సమావేశపు తీర్మానాలు వ్రాసుకునేది ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీదనే. దానికి దిక్కు కూడలిలో ఉన్న దుకాణం తప్ప మరొకటి లేదు. ఆ దుకాణానికి పరుగెత్తే ముందు అరగంట ఆగండి అని చెప్పడానికే ఈ ప్రసంగం.

జరిగిన సంగతి చెప్తాము. మన సభ్య సంఘాలలో ఒకదాని కార్యదర్శి గారు, భార్య కంటి ఆపరేషన్‌కని హైదరాబాదు వచ్చి ఫిల్మ్‌నగర్‌లో కుమారుని ఇంట దిగారు. కుమారుడు సినిమా ఎడిటింగ్ గదిలో సహాయకుడు. కార్యదర్శి గారు పదిహేను రోజుల పాల లెక్కను పెన్‌డ్రైవ్‌లో వెంట తెచ్చుకుని, కుమారుని కంప్యూటర్ తెరమీదనే పెట్టుకుని, దాణా పద్దులు, అడ్వాన్సులు మినహాయిస్తూ రెండు రాత్రులు కూర్చుని బిల్లు తయారుచేశారు. తెల్లవారితే దానిని బ్యాంకుకు పంపాలి. ఆ సంఘంలో పాలు పోసేవారు నూట పద్దెనిమిది మంది. మరునాటి ఉదయం 7 గంటలకు ఆయన మాకు ఫోను చేశారు.

"సార్, తెర నల్లబడింది. బాణం గుర్తు మాత్రం తిరుగుతోంది. ఒక్కొక్కప్పుడు బొమ్మలన్నీ వస్తాయి, రెండు క్షణాల్లో మాయమవుతాయి. మళ్ళీ వస్తాయి, మళ్ళీ పోతాయి. దుకాణం అబ్బాయి వచ్చి చూశాడు. విండోస్ పోయింది, ఫార్మాట్ చేయక తప్పదు అంటున్నాడు. చేయమనమంటారా?"

"ఎవరినీ ముట్టనివ్వకండి, వస్తున్నాము" అన్నాము. ఆ మాట అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉన్నది, అది తరువాత చెప్తాము.

మేమిద్దరం మెట్టుగూడలో మెట్రో ఎక్కి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగి ఆటో పట్టుకున్నాము. సహకారోద్యమంలో ఉన్నవారు తెలుసుకోదగిన విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఇవాళ కోటీశ్వరుల పేట అని పేరుపడిన జూబ్లీహిల్స్ మన పాల సంఘం వంటి ఒక సహకార సంఘం వల్లనే లేచింది. చల్లగళ్ళ నరసింహారావు గారి చొరవతో 1960 దశకంలో ఏర్పడిన సహకార గృహ నిర్మాణ సంఘం ఆ రాతి గుట్టలను ప్లాట్లుగా మార్చింది. ఫిల్మ్‌నగర్‌కూ సహకార గృహ నిర్మాణ సంఘమే ఉన్నది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియో నెలకొల్పేనాటికి ఆ చుట్టుపక్కలంతా రాళ్ళూ పొదలే. మేము వెళ్ళిన ఇల్లు మాత్రం బంగళా కాదు. కొండవాలున మెట్లెక్కి వెళ్ళవలసిన రెండు గదుల వాటా. సినిమా ఊరంతా బంగళాలలో ఉంటుందనుకోవడం, పాడి రైతులందరికీ ఇరవై గేదెలు ఉంటాయనుకోవడం వంటిదే.

ఇంటిలో కార్యదర్శి గారు ఒక ప్రక్క, కుమారుడు మరొక ప్రక్క నిలబడి ఉన్నారు. కుమారుని ముఖంలో కూడా రక్తం లేదు. అతని భయం వేరు. తన గదిలో ఎడిటింగ్ జరుగుతున్న, ఇంకా విడుదల కాని సినిమాలోని ముక్క ఒకటి ఆ కంప్యూటర్‌లో ఉన్నది. దుకాణానికి పంపితే అది ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. 2013లో 'అత్తారింటికి దారేది' చిత్రంలో పెద్ద భాగం విడుదలకు ముందే బయటికి పొక్కి, విడుదల తేదీనే ముందుకు జరుపవలసి వచ్చిన సంగతి ఆ పేటలో ఎవరూ మరువలేదు. అటువంటి ముక్క ఇంటి కంప్యూటర్‌లో ఎందుకున్నదని మేము అడుగలేదు. అడుగదగిన ప్రశ్నే. కాని కార్యదర్శి గారి ఫైలులోనూ నూట పద్దెనిమిది మంది రైతుల బ్యాంకు ఖాతా నెంబర్లు ఉన్నవి. అది కూడా దుకాణంలో వదలదగిన వస్తువు కాదని ఆయనకు అప్పటిదాకా తోచలేదు.

ఇక కంప్యూటర్ దగ్గరకు వద్దాము. మీరు తెరమీద చూచే బొమ్మలు, అడుగున ఉండే పట్టీ, ఫోల్డర్లను తెరచి చూపే కిటికీ, ఇవన్నీ వేరువేరు వస్తువులుగా కనిపిస్తాయి. నిజానికి వీటన్నిటినీ నడిపేది ఎక్స్‌ప్లోరర్ అనే ఒకే ఒక ప్రోగ్రాం. విండోస్ 3.1 కాలంలో ప్రోగ్రాములను పిలవడానికి ఒకటి, ఫైళ్ళను చూడడానికి మరొకటి వేరుగా ఉండేవి. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95తో ఆ రెండు పనులనూ ఒకరికే అప్పగించారు. ఆనాటినుండి ఆ ఒక్కడు పడిపోతే తెర, ఫైళ్ళ కిటికీ రెండూ కలిసి పోతాయి. చూచేవారికి కంప్యూటర్ మొత్తం పోయినట్టే ఉంటుంది. పోలేదు. మన భాషలో చెప్పాలంటే, బ్యూటిరోమీటరు పగిలింది, అంతే. క్యాన్‌లో పాలు క్యాన్‌లోనే ఉన్నవి. బ్యూటిరోమీటరు పగిలిందని ఎవరూ పాలు పారబోయరు గదా! ఫార్మాట్ అంటే పాలు పారబోయడమే.

అయితే పడిపోయింది ఎక్స్‌ప్లోరర్ ఒక్కటేనా, మరేదైనానా అని ఎట్లా తెలుస్తుంది? బాణం గుర్తు కదులుతున్నదంటే సగం తెలిసినట్టే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ అనే కిటికీ వస్తుంది. అది ఎక్స్‌ప్లోరర్ మీద ఆధారపడదు. గావున తక్కినవన్నీ మాయమైనా ఇది వస్తుంది. అది కూడా రాకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి ఆ పట్టికలోనుండి పిలవండి. అక్కడా రాకపోతే లోపం వేరేది, దానిని ఈ ప్రసంగంలో కలపము. టాస్క్ మేనేజర్‌లో రన్ న్యూ టాస్క్ అనే చోటు ఉన్నది. విండోస్ 10లో ఫైల్ అన్న మాట క్రింద, విండోస్ 11లో పైననే కనిపిస్తుంది. అక్కడ ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ కొడితే పది సార్లలో ఎక్కువ సార్లు తెర మామూలుగా తిరిగి వస్తుంది. మీలో సగంమందికి జీవితకాలంలో ఇంతకుమించి అవసరం పడదు.

ఫిల్మ్‌నగర్‌లో అది రాలేదు. వచ్చింది, వెంటనే పోయింది. ఎవరో లేపుతున్నారు, ఎవరో పడగొడుతున్నారు.

అప్పుడు మేము చేసిన మొదటి పని రోగమేమిటని వెదకడం కాదు, బిల్లును బయటికి తీయడం. అదే రన్ న్యూ టాస్క్‌లో సి.ఎం.డి. అని మూడక్షరాలు కొడితే నల్లని కిటికీ ఒకటి వస్తుంది. అందులో బొమ్మలుండవు, మాటలే. మనలో పెద్దవారు డాస్ కాలంలో చూచి ఉంటారు. అక్కడ సి.డి. అని వ్రాసి, ఖాళీ విడిచి, శాతం గుర్తు, యూజర్‌ప్రొఫైల్ అన్న మాట, మళ్ళీ శాతం గుర్తు, వెనుకకు వాలిన గీత, ఆపైన డెస్క్‌టాప్ అని వ్రాస్తే, మీ తెరమీద ఉండవలసిన ఫైళ్ళున్న అరలోనికి వెళతారు. డి.ఐ.ఆర్. అని కొడితే వాటి పేర్లు వరుసగా కనిపిస్తాయి. వన్‌డ్రైవ్ పెట్టుకున్నవారికి డెస్క్‌టాప్ అర ఆ వన్‌డ్రైవ్ ఫోల్డరు లోపల ఉండవచ్చు, అక్కడ చూచుకోండి. పట్టికలో తన బిల్లు పేరు కనిపించగానే కార్యదర్శి గారు కుర్చీలో కూలబడ్డారు. దానిని కాపీ అన్న ఆజ్ఞతో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించాము. అప్పటికి ఎనిమిదిన్నర. అక్కడితో ఆయన భయం తీరింది.

ఇక రోగం. కోడలి పేరున అదే కంప్యూటర్‌లో వేరే లాగిన్ ఉన్నది. పిల్లల బడి ఫీజు కట్టడానికి పెట్టుకున్నారట. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి, స్విచ్ యూజర్ ద్వారా ఆమె లాగిన్‌లోనికి వెళ్ళాము. తెర నిక్షేపంగా ఉన్నది. ఫోల్డర్లు తెరచుకున్నవి, పట్టీ ఉన్నది. విండోస్ పోయినట్లయితే ఇద్దరికీ పోవాలి గదా! ఒకే కొట్టంలో రెండు గేదెలుండి ఒకటే మేత మానివేస్తే నీళ్ళను, దాణాను అనుమానించము, ఆ గేదె నోరు తెరచి చూస్తాము. దుకాణం అబ్బాయి చెప్పింది తప్పని ఇక్కడే తేలిపోయింది. అతడు చెడ్డవాడని మేమనము. రోజుకు పది కంప్యూటర్లు చూచేవానికి ఫార్మాట్ త్వరగా తెమిలే పని. లోపల ఉన్న లెక్క అతనిది కాదు.

తిరిగి కుమారుని లాగిన్‌లోనికి వచ్చి, రన్ న్యూ టాస్క్‌లో ఈవెంట్‌వ్యూయర్‌ను పిలిచాము. ఈ.వి.ఇ.ఎన్.టి.వి.డబ్ల్యు.ఆర్. అని కొట్టాలి. ఇది కంప్యూటర్ తనకు తాను వ్రాసుకునే దినచర్య. అందులో విండోస్ లాగ్స్, దాని క్రింద అప్లికేషన్ అనే చోట ఎర్ర గుర్తుతో తప్పులు ఉంటాయి. ఏ ప్రోగ్రాం పడిపోయిందో, దానిని పడగొట్టిన భాగమేదో రెండు వేరువేరు వరుసలలో ఉంటుంది. 1000 అనే నెంబరున్న నమోదును చూడండి. పడింది ఎక్స్‌ప్లోరర్ అని అన్ని నమోదులలోనూ ఉన్నది. పడగొట్టినది మాత్రం విండోస్ వారి భాగం కాదు. వీడియోలు ఆడించడానికి కుమారుడు ఎప్పుడో ఉచితంగా దింపుకున్న కోడెక్ మూటలోనిది. మొదటి నమోదు ముందురోజు రాత్రి పదకొండు దాటిన తరువాతది.

"రాత్రి పదకొండింటికి ఏం చేశావు బాబూ?" అని అడిగాము.

"హార్డ్ డిస్క్‌నుంచి ఒక షాట్ తెరమీదికి కాపీ చేస్తున్నాను సార్. మధ్యలో కరెంటు పోయింది. పడుకున్నాను."

కథ అంతా అదే. ఎక్స్‌ప్లోరర్‌కు ఒక అలవాటున్నది. ఫోల్డరులో గాని, తెరమీద గాని వీడియో కనిపిస్తే దాని పేరు చూపి ఊరుకోదు, లోపలికి తొంగిచూచి ఒక దృశ్యాన్ని చిన్న బొమ్మగా పైన అతికిస్తుంది. మామూలుగా ఈ తొంగిచూచే పనిని వేరొక సహాయకునిచేత చేయిస్తుంది, వాడు పడినా తాను పడదు. కాని కొన్ని కోడెక్ మూటలు నేరుగా ఎక్స్‌ప్లోరర్ లోనికే చొరబడి పనిచేస్తాయి. సగం కాపీ అయిన వీడియో దానికి తగిలింది. మొదలున్నది, తుది లేదు. అది తడబడి పడింది, ఎక్స్‌ప్లోరర్‌ను కూడా లాక్కుని పడింది. షెల్ పడితే తిరిగి లేపడం విండోస్ ధర్మం. లేపింది. లేచిన ఎక్స్‌ప్లోరర్ తెరమీది బొమ్మలు గీయబోయి మళ్ళీ ఆ వీడియోనే తాకింది. అది మరొక ఫోల్డరులో ఉంటే ఆ ఫోల్డరు తెరచినప్పుడు మాత్రమే కూలేది. తెరమీదనే ఉన్నది గనుక లేచిన ప్రతిసారీ కూలింది.

నల్లని కిటికీలో డి.ఐ.ఆర్. తరువాత ఖాళీ విడిచి, ముందుకు వాలిన గీత, ఓ, రెండు చుక్కలు, చిన్న అడ్డగీత, డి అని చేరిస్తే కొత్త ఫైళ్ళు మొదట వస్తాయి. మొదటి పేరే ఆ షాట్‌ది. మూవ్ అన్న ఆజ్ఞతో దానిని డి డ్రైవ్‌కు మార్చబోతే, ఈ ఫైలు మరొకరి వాడుకలో ఉన్నది అని నిరాకరించింది. పొరపాటు మాదే. లేస్తూ పడుతూ ఉన్న ఎక్స్‌ప్లోరర్‌ను ముందు ఆపలేదు. టాస్క్ మేనేజర్‌లో దాని పేరుమీద ఎండ్ టాస్క్ కొట్టి ఆపి, మళ్ళీ మూవ్ చేస్తే మాట్లాడకుండా వెళ్ళింది. తరువాత ఎక్స్‌ప్లోరర్‌ను పిలిచాము. తెర వచ్చింది. నిలిచింది. అసలు షాట్ హార్డ్ డిస్క్‌లో క్షేమంగా ఉన్నందున ఆ సగం ముక్కను తుడిచివేశాము. కోడెక్ మూటను తీసివేయించాము. ఫోల్డర్ ఆప్షన్స్‌లో, చిన్న బొమ్మలు వద్దు, గుర్తులు చాలు అనే పెట్టెలో టిక్కు పెట్టాము. ఎడిటింగ్ పని చేసేవారు ఇది ముందే పెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు, ముందు చెప్తామన్న కారణం. మూడేళ్ళ క్రితం మరొక సంఘంలో తెర ఇట్లాగే నల్లబడినప్పుడు, ఫోనులోనే విని, ఫార్మాట్ చేయించుకోండి అని చెప్పినది మేమే. ఆ రోజు మాకు పని ఎక్కువగా ఉన్నది. కార్యదర్శి గారు మా మాట విన్నారు. పదిహేను రోజుల లెక్క పోయింది. యంత్రం ఇచ్చే చీటీలకోసం ఇంటింటికీ తిరిగారు. కొందరు దాచుకున్నారు, కొందరి చీటీలు తడిసి అక్షరాలు పోయినవి. ఒక విధవరాలి దగ్గర ఆరు పూటల చీటీలు లేవు. పాలకవర్గంవారు ముందు రోజుల సగటు వేసి ఇచ్చారు. ఆమె గేదె ఈని పాలు పెరిగిన వారమది. సగటు వేస్తే తక్కువే వస్తుంది. "మీ పెట్టె మరిచిపోయిందయ్యా, నా గేదె మరిచిపోలేదు" అన్నది. మేము ఆ ఊరు వెళ్ళినప్పుడు ఎదురుగానే అన్నది. ఆమెకు రావలసిన తేడా ఎంతో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి మేమే మూసివేశాము.

అన్ని తెరలూ వీడియో వల్లనే నల్లబడవు. వేరే లాగిన్‌లో కూడా ఎక్స్‌ప్లోరర్ పడిపోతుంటే అప్పుడు విండోస్ ఫైళ్ళే దెబ్బతిని ఉండవచ్చు. రన్ న్యూ టాస్క్‌లో సి.ఎం.డి. కొట్టే ముందు, అధికారిక హక్కులతో నడపమనే చిన్న పెట్టెలో టిక్కు పెట్టి, మొదట డిస్మ్ ఆజ్ఞను, తరువాత ఎస్.ఎఫ్.సి. స్కాన్‌నౌ ఆజ్ఞను నడపాలి. డిస్మ్‌కు ఇంటర్నెట్ కావాలి. వాటి పూర్తి అక్షరాలు మీకిచ్చిన కాగితంలో ఉన్నవి. సి డ్రైవ్ పూర్తిగా నిండినా తెర తడబడుతుంది, అప్పుడు చోటు చేయడమే మందు. ఒక్క విషయంలో మాత్రం ఈ ప్రయోగాలు చేయకండి. డిస్క్ టకటకమని చప్పుడు చేస్తున్నా, ఫైలు కాపీ చేయబోతే మధ్యలో తప్పు చూపి ఆగుతున్నా, అది డిస్క్ చనిపోతున్న గుర్తు. దొరికినంత లెక్క బయటికి తీసి, యంత్రం ఆపివేసి మాకు ఫోను చేయండి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని కూడా గుర్తుంచుకోండి. దానిమీదనే ఉన్నవారు తరగతి అయిన తరువాత మమ్మల్ని కలవండి.

చేతి రిజిస్టరు ఇంకా ఎందుకని కొందరు అడుగుతున్నారు. 2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒకే ఒక చెడ్డ ఫైలు వల్ల ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయినవని మైక్రోసాఫ్ట్ వారే లెక్క చెప్పారు. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. చాలా యంత్రాలకు చేసిన వైద్యమేమిటి? ఒక్కొక్కదాని ముందు మనిషి కూర్చుని, సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ ఒక్క ఫైలును తుడిచివేయడం. ఫార్మాట్ కాదు. విమానాలవారికే కలం అవసరపడినప్పుడు మన రిజిస్టరు పుటలకు సిగ్గుపడనక్కరలేదు. పూట పూటకూ మొత్తం లీటర్లు, వెన్న సగటు అయినా వ్రాసి పెట్టండి.

ఫిల్మ్‌నగర్ బిల్లు ఆ ఉదయం పదిన్నరకు బ్యాంకుకు చేరింది. కార్యదర్శి గారి భార్య కంటి కట్టు కూడా ఆనాడే విప్పారు. ఆయన అనుమతితోనే ఇదంతా చెప్పాము. మూడవ వరుసలో కూర్చుని ఉన్నారు.

ఇక మీ ముందున్న కంప్యూటర్లు తెరవండి. ఆ పన్నెండింటిలోనూ ఎక్స్‌ప్లోరర్‌ను మేము ఉదయమే ఆపి ఉంచాము. తెర నల్లగా ఉంటుంది, కంగారుపడకండి. డెస్క్‌టాప్ అరలో నమూనా బిల్లు ఒకటి ఉన్నది. ముందు దానిని పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, ఆ తరువాతనే తెరను లేపాలి. భోజనాలకు ఇంకా నలభై నిమిషాలున్నవి.